జవాబు వచ్చింది, దీపం వెలిగిందా?

అల్లూరులో మా వీధి వెనక రొయ్యల గుంటలున్నాయి. వాటి మీద ఏరేటర్ల చక్రాలు నీళ్ళు చిలికే చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకు అది ఆగినప్పుడే చెవిన పడుతుంది. ఈ సాయంత్రం ఆ చప్పుడు వింటూ, ఉప్పుగాలిలో కలిసి వచ్చే రొయ్యల మేత వాసన పీలుస్తూ వరండాలో కూర్చుని ఉన్నాను. ఉన్నట్టుండి తలపైన బల్బు ఎర్రగా వెలిగింది. తరువాత పసుపు, ఆ తరువాత ఆకుపచ్చ, చివరకు తెలుపుగా నిలిచింది. ఎదురింట్లో కాంతమ్మ దీపం పెట్టిందన్నమాట. ఆ మూడు రంగులు కనబడిన ప్రతిసారీ నాకు సుగుణమ్మ టీచరుగారు గుర్తుకొస్తారు. ఆమెను ఎరగనివారి కోసమే ఇది రాస్తున్నాను. తేదీ వేయకుండా వాక్యం రాయడం నాకు అలవాటు లేదు. అయినా ఇక్కడ వేయడం లేదు. ఎందుకంటే ఆమె నా రాతలు చూసినప్పుడల్లా, "చదివేవాడికి జరిగింది కావాల సారూ, క్యాలెండరు వాళ్ళింట్లో ఉండాది" అనేవారు.

ఆమె హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక ఆయన చూసుకుంటున్న మూడు గుంటలను తానే చేతిలోకి తీసుకున్నారు. ఆ తరువాత కొన్నాళ్ళకే వినికిడి తగ్గుతూ వచ్చి, చివరకు పూర్తిగా పోయింది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి మాట గ్రహించేవారు. నేను కరెంటు మీటర్లు పరీక్షించే ఉద్యోగం చేసి రిటైరై ఆమె ఇంటి ఎదురింట్లోకి వచ్చినవాణ్ణి. మొదటిసారి పలకరించబోతే నన్ను ఆపి, "నోరు తెరిచి మాట్లాడండి సారూ! సగం అక్షరాలు మీ మీసాలే మింగేస్తా ఉండాయి" అన్నారు. మరునాడే మీసం పైపెదవి కనబడేట్టు కత్తిరించుకున్నాను. నేటికీ అలాగే ఉంచుకుంటున్నాను.

రొయ్యకు ప్రాణం నీటిలో కరిగిన ఆక్సిజన్. ఏరేటర్లు ఆగితే, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజున, అది ఇట్టే పడిపోతుంది. ఒకసారి గుంటల దగ్గర కరెంటు పోయి సైరన్ మోగింది. వీధివీధంతా విన్నది. టీచరుగారు మాత్రం మా అందరికీ వీపు పెట్టి పెరట్లో కరివేపాకు కోసుకుంటున్నారు. ఎవరో పరుగున వెళ్ళి భుజం తట్టేసరికే ఒక గుంట రొయ్యలన్నీ చచ్చి తేలిపోయాయి. ఆ వారం ఆమె మరిది భాస్కర్ వచ్చి కూర్చున్నాడు. చెడ్డవాడు కాదు, వదిన అంటే గౌరవమున్నవాడే.

"వదినా, వినబడని మనిషివి గుంటలతో ఎట్లా పెట్టుకుంటావు? లీజుకిచ్చెయ్. నేను చూసుకుంటా" అన్నాడు.

"ఈ పంట ఒక్కటి చూడు భాస్కరా. ఇది కూడా చేతికి రాకపోతే మూడు గుంటలూ నీకే రాసిచ్చేస్తా. వస్తే, ఈ మాట మళ్ళీ మా గడపలో ఎత్తకూడదు" అన్నారామె. ఆ ఒప్పందానికి నేనూ, ఆమెతో ఉండే ఆడపడుచు కాంతమ్మా సాక్షులం.

మరునాడు నన్ను పిలిపించారు. బల్ల మీద ల్యాప్‌టాప్, రంగులు మారే స్మార్ట్ బల్బులు ఉన్నాయి. "సైరన్ చెవికి. నాకుండేది కళ్ళు. గుంటలో ఆక్సిజన్ తగ్గితే నా ఇంట్లో లైటు ఎర్రబడాల. ఈ బల్బుకు ఏపీఐ ఉంది సారూ, మన ప్రోగ్రాం నుంచే దానికి ఆదేశం పంపొచ్చు" అన్నారు. ఏపీఐ అంటే నాకు అప్పటికి తెలియదు. ఆమెలోని టీచరు వెంటనే లేచి నిలబడ్డారు. "హోటల్లో వంటింటికీ హాలుకూ మధ్య కిటికీ ఉంటుంది గదా, అదనుకోండి. మనం లోపలికి పోబల్లేదు. పొయ్యి ఎట్లా ఉందో మనకెందుకు? చీటీ పద్ధతిగా రాసి కిటికీలో పెడితే ఇడ్లీ బయటికొస్తుంది." ఆ చీటీ రాసే పద్ధతి ఆమె పట్టుబట్టి నేర్చుకున్నారు, నాకూ పట్టుబట్టి నేర్పించారు. ఆ వయసులో నేను మళ్ళీ విద్యార్థినయ్యాను. తప్పు రాస్తే నా వేళ్ళ మీద స్కేలుతో తట్టేవారు కూడా.

మొదటి ఆదేశం పంపి బల్బు వెలిగిన క్షణాన పొందిన ఆనందం నేను ఉద్యోగంలో ఎన్నడూ పొందలేదు. ఆదేశం అందితే రెండు వందలు అనే అంకె జవాబుగా తెర మీదికి వస్తుంది. నాకు అంకె కనబడితే చాలు, లోకమంతా సవ్యంగా ఉన్నట్టే. ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కంటే తగ్గితే పసుపు, మూడు కంటే తగ్గితే ఎరుపు అని నిర్ణయించుకున్నాం. గుంటలో సెన్సర్ అమర్చాం. భాస్కర్‌ను పిలిచి ఒక సాయంత్రం చూపించబోయాం. నేను ఆదేశం పంపాను. రెండు వందలు వచ్చింది. బల్బు మాత్రం వెలగలేదు.

"అందింది అంటోంది టీచరుగారూ!" అన్నాను తెర చూపిస్తూ.

"చీటీ అందిందన్నాడు సరే. ఇడ్లీ ఏదీ, సారూ?"

భాస్కర్ నవ్వు ఆపుకోలేక కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

విచిత్రమేమంటే మరునాడు ఉదయం అదే బల్బు చక్కగా వెలిగింది. సాయంత్రం మళ్ళీ మొరాయించింది. నేను ఓల్టేజీ కొలిచాను, వైఫై బలం కొలిచాను, అన్ని అంకెలూ నిక్షేపంగా ఉన్నాయి. "కొలిచింది చాలు, ఇక కూర్చుని చూద్దాం" అన్నారామె. ఇద్దరం హాల్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పొద్దు వాలింది. కాంతమ్మ ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని వచ్చి, సంధ్యదీపం వేళ ఏ ఇంట్లోనైనా చేసేట్టుగానే గోడ మీది స్విచ్చి నొక్కింది. నిజానికి పొద్దున్నే ఇల్లు ఊడ్చేటప్పుడు తానే వేసిన ఆ స్విచ్చి ఇంకా వేసే ఉంది, బల్బును ఆర్పి ఉంచింది మా ప్రోగ్రాం. ఆమె నొక్కడంతో బల్బుకు కరెంటు ఆగిపోయింది. "ఏందిది!" అనుకుని మళ్ళీ నొక్కింది, బల్బు వెలిగింది. దానికి రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చి, ట్యూబులైటు వేసి, ఉత్తినే రెండు లైట్లెందుకని ఈ స్విచ్చి ఆపేసి వెళ్ళిపోయింది. కరెంటే లేని బల్బు ఆదేశాన్ని ఎలా పాటిస్తుంది? చీటీ తీసుకున్నది మా ప్రోగ్రాంకూ బల్బుకూ మధ్య ఆదేశాలు అందించే చిన్న పెట్టె. రెండు వందలు అని చెప్పింది కూడా అదే.

"ఆ స్విచ్చి మీద టేపు అంటిస్తే సరిపోతుంది" అన్నాను.

టీచరుగారు నా వైపు తీక్షణంగా చూశారు. "అంటించరాదు. పుట్టినకాడి నుంచీ సందెపొద్దున లైటు వేసి దండం పెట్టిన చెయ్యి అది. ఆ చెయ్యి ఆపి మన ప్రోగ్రాం నడపాలా? ప్రోగ్రామే ఆ చెయ్యిని నేర్చుకోవాల." ఆ తరువాత నవ్వి, "సారూ, రోజూ తప్పకుండా ఒకే వేళకు బల్బుకు పరీక్ష పెట్టే మనిషి ఇంట్లోనే ఉంటే మనం బయట వెతుకుతున్నాం" అన్నారు.

బల్బుకు కరెంటు ఎప్పుడూ ఉండేట్టు తీగ మార్చాం. ఆ స్విచ్చి స్థానంలోనే ప్రోగ్రాంకు కబురు పంపే మీట బిగించాం. కాంతమ్మ నొక్కగానే ఆ బల్బూ, దానికి జతగా మా వరండాలో పెట్టిన బల్బూ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ చూపి తెల్లగా నిలుస్తాయి. అప్పుడామె దండం పెట్టుకుంటుంది. ఆమె ఇంటి బల్బు ఎదుట వెలుతురు కొలిచే చిన్న సెన్సర్ పెట్టాం. జవాబు వచ్చినా వెలుతురు రాకపోతే, మా వరండా బల్బు నీలంగా మారుతుంది. కాంతమ్మ మొదటి రోజు ఆ రంగులు చూసి, "వదినా, నీ లైటుకు తిరునాళ్ళ వచ్చిందే!" అంది. టీచరుగారు ఆ మాట పెదవుల మీద చదివి పడిపడి నవ్వారు.

పంట రొయ్యలు పట్టే పట్టుబడికి ఇక కొద్దిరోజులే ఉందనగా ఒకనాడు పొద్దున్నుంచీ ముసురు పట్టింది. సాయంత్రం నా వరండా బల్బు నీలమైంది. కొత్త బల్బు పట్టుకుని వెళ్ళేసరికి కాంతమ్మ గుమ్మంలోనే ఉంది. "దండం పెడదామని నిలబడితే వెలగనే లేదన్నా. రంగులేవీ రాలా" అంది కంగారుగా. పాత బల్బు మాడిపోయింది. కొత్తది బిగించి ప్రోగ్రాంకు పరిచయం చేశానో లేదో, ఎర్రగా మండింది. పరీక్ష అనుకున్నాను. పసుపు రాలేదు. ఎరుపు ఎరుపుగానే నిలిచింది.

టీచరుగారు అప్పటికే చెప్పులేసుకున్నారు. "బండి తీయండి సారూ!"

నా స్కూటరు వెనక గొడుగు పట్టుకుని కూర్చున్నారు. గుంటల దగ్గర కరెంటు లైను పోయింది, జనరేటరు అందుకోలేదు, వానగాలికి సైరన్ మోత మా వీధిదాకా రాలేదు. కాపలా చెంచయ్య హ్యాండిలు తిప్పీ తిప్పీ రొప్పుతున్నాడు. గట్టు వారన రొయ్యలు తలలు పైకెత్తడం మొదలైంది. టీచరుగారు జనరేటరు మీద అరచెయ్యి ఆనించి, "డీజిల్ దిగడంలా, ఉత్తుత్తి తిరుగుడు తిరుగుతోంది" అన్నారు. వినబడని మనిషికి ఇంజను అదురు చేతికి అందింది. చెంచయ్య గొట్టం ఊడదీసి గాలి వదిలించి బిగించాడు. మళ్ళీ తిప్పాడు. చక్రాలు కదిలాయి, నీళ్ళు తెల్లగా లేచాయి. మేము గట్టు మీదే వానలో నిలబడి, సెన్సర్ అంకె మూడు దాటేవరకు చూశాం. అంకె దాటింది. నేను ఇక వెళదామన్నాను. "రొయ్య కిందికి దిగనీండి" అన్నారామె. ఒక్కొక్కటిగా దిగిపోయాక గానీ కదల్లేదు.

పట్టుబడి రోజున భాస్కర్ వచ్చాడు. వలల నిండా మెరుస్తున్న పంటను చూస్తూ గట్టు వెంట ఒక చుట్టు నడిచాడు. లీజు మాట ఎత్తలేదు. చివరకు వదిన ముందుకు వచ్చి, పెదవులు స్పష్టంగా కదుపుతూ, "వదినా, ఆ లైటు మా గుంటలకు కూడా పెట్టిస్తావా?" అని అడిగాడు.

"పెట్టిస్తా. ముందు ఇది చెప్పు భాస్కరా, మీ ఇంట్లో సందెదీపం పెట్టేదెవురు?"

టీచరుగారు ఆ తరువాత కూడా చాలా పంటలు తీశారు. మూడు గుంటలూ తన చేతి మీద ఉండగానే కన్నుమూశారు. ఇప్పుడు వాటిని కాంతమ్మ చూసుకుంటోంది. లెక్కలకు నన్ను పిలుస్తుంది, దీపానికి ఎవరినీ పిలవదు. భాస్కర్ ఇంట్లో అతని భార్య మీట నొక్కుతుంది. ఆ ప్రోగ్రాంలో నేను రాసిన వరుసలు ఇంకా నడుస్తున్నాయని చెప్పుకోవడానికి నాకు సంకోచం లేదు, అవి ఆమె దిద్దిన వరుసలు.

ఉద్యోగమంతా అంకె కనబడితే పని పూర్తయిందనుకున్నవాణ్ణి నేను. ఇప్పుడు కూడా ముందు ఫోనులో అంకెనే చూస్తాను, ఈ సాయంత్రమూ చూశాను. రెండు వందలు వచ్చింది. కుర్చీలోంచి లేచి, గేటు దాకా నడిచి, ఎదురింటి కిటికీ వైపు చూశాను. దీపం తెల్లగా నిలిచి ఉంది. దాని ముందు కాంతమ్మ ఇంకా చేతులు జోడించే ఉంది. నేనూ జోడించాను.