జరీనా గారి చదివింపులు

కొత్త మిక్సీని మొదటిసారి తిప్పినప్పుడు మోటారులోంచి ఒక కాలిన వాసన వస్తుంది. రెండు మూడు రోజుల్లో పోతుంది, భయపడాల్సిందేమీ లేదు. నిన్న పొద్దున, బెంజ్ సర్కిల్ దగ్గరి ఒక షాపు వాళ్ళు వాడి చూసి రాయమని పంపిన మిక్సీలో కొబ్బరి వేసి తిప్పగానే ఆ వాసన వంటిల్లంతా నిండిపోయింది. మా ఆయన దగ్గుతూ కిటికీలు తెరుస్తుంటే నేను మాత్రం నవ్వుకుంటూ అక్కడే నిలబడ్డాను. నాకది జరీనా గారి ఇంటి వాసన.

గుణదలలో మేము అద్దెకు దిగిన కొత్తల్లో ఆవిడ మా పై వాటాలో ఒక్కరే ఉండేవారు. ఒక ప్రైవేటు కాలేజీ ఫీజు కౌంటర్లో కూర్చుని, గడువు దాటించిన తల్లిదండ్రుల చేత తిట్లు తినలేక, ఉద్యోగం మానేసి నేను ఇంట్లో ఉన్న రోజులవి. మధ్యాహ్నం కాస్త నడుం వాలుద్దామంటే నెత్తిన మిక్సీ మోత. ఒకటి ఆగితే ఇంకొకటి. ఒకరోజు తాడో పేడో తేల్చుకుందామని పైకి వెళ్ళాను. తలుపు తీసినావిడకు యాభై దాటి ఉంటాయి. మోచేతుల దాకా గోంగూర. నేను నోరు తెరిచేలోపే రెండు గిన్నెలు నా చేతుల్లో పెట్టారు.

“సమయానికొచ్చావమ్మా. రెండూ ఒకే గోంగూర, ఒకే కారం. ఏది మెత్తగా నలిగిందో చెప్పు. పొద్దుటి నుంచి రుచి చూసీ చూసీ నా నాలుక మొద్దుబారిపోయింది.”

“ఎడంచేతిదండీ,” అన్నాను, వచ్చిన పని మర్చిపోయి.

“నేనూ అదే అనుకున్నా. కుడిచేతిది ఖరీదెక్కువ. ఉన్నది ఉన్నట్టు రాస్తే కంపెనీవాడు ఏడుస్తాడు. ఏడవనీ.”

ఆవిడ వంటింటి వస్తువుల మీద తెలుగులో బ్లాగు రాసేవారు. కంపెనీలకూ, బ్లాగులు రాసేవాళ్ళకూ మధ్య పెళ్ళిళ్ళ పేరయ్యలాంటి సైటు ఒకటి ఉండేది. కంపెనీలు తమ వస్తువులు అందులో పెడతాయి. మనం ఒకటి ఎంచుకుని, వాడి చూసి, మన బ్లాగులో రాస్తే ఆ సైటు డబ్బు వేస్తుంది. నెల తిరగకుండా నా చేత కూడా ఒక బ్లాగు తెరిపించారు. నా మొదటి పోస్టు ఒక నాన్‌స్టిక్ పెనం గురించి. దాన్ని ఆవిడ వీధి చివరిదాకా వినపడేలా పైకి చదివారు. ఏం రాసినా పైకి చదివితే గానీ ఆవిడకు తృప్తి ఉండేది కాదు. మధ్యలో ఆగి కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు.

“‘మీ వంటింటికి రాజసం తెచ్చే పెనం.’ ఈ మాట మీ అక్కకి ఫోన్లో ఇట్టాగే చెప్తావా?”

“చెప్పనండీ.”

“మరి జనానికెందుకు చెప్తన్నావ్?”

ఆ వాక్యం కొట్టేశాను. పెనం మీద దోసె ఎన్నో పూటకి అంటుకోవడం మొదలుపెట్టిందో రాశాను. రాయడం ఇంత సరదాగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. తెల్లవారగానే చెయ్యాలనిపించిన పని నా జీవితంలో అదే మొదటిది. కానీ బంధువులెవరైనా ఏం చేస్తున్నావని అడిగితే “ఏదో కంప్యూటర్ పని” అని గొణిగి మాట మార్చేసేదాన్ని. కంపెనీ డబ్బుతో రాస్తున్నానంటే ఏమనుకుంటారోనని బిడియం. డబ్బు తీసుకున్నామన్న ముక్క పోస్టు అడుగున చీమతల అక్షరాల్లో ఉండేది. అందరూ అలాగే పెట్టేవారు. జరీనా గారిదీ అంతే. సైటు కూడా దాన్ని పట్టించుకునేది కాదు.

అలాంటిది ఒకరోజు ఆ సైటు నుంచి మెయిలు వచ్చింది. వచ్చే నెల నుంచి డబ్బు తీసుకుని రాసిన సంగతి పోస్టు మొదట్లోనే, అందరికీ కనబడేలా చెప్పాలట. పైగా పోస్టుకింత అని ఇవ్వడం మానేసి, చదివేవాళ్ళు ఎంతసేపు ఆగి చదివితే దాన్ని బట్టి ఇస్తారట. బ్లాగర్ల వాట్సాప్ గ్రూపులో ఏడుపులు మొదలయ్యాయి. డబ్బుకు రాశానని మొదటి వరుసలోనే చెప్పుకుంటే రెండో వరుస ఎవరు చదువుతారని చాలామంది దుకాణం కట్టేశారు. సరిగ్గా అప్పుడే కాలేజీ వాళ్ళు ఫోన్ చేసి, ఫీజు కౌంటర్ ఖాళీగా ఉంది, ఒకటో తారీఖున వచ్చి చేరమన్నారు. నేను ఏడుపు మొహంతో మేడెక్కాను. జరీనా గారు ధైర్యమేమీ చెప్పలేదు.

“నాకూ ఏం పాలుపోవట్లేదు తల్లీ,” అన్నారు.

ఆ వారమే హనుమాన్ జంక్షన్ అవతల మా ఊళ్ళో బాబాయి కూతురి పెళ్ళి. ఇంట్లో కూర్చుని ఇద్దరం దిగులుపడే బదులు విందు భోజనమైనా చేద్దామని ఆవిడను వెంటబెట్టుకు వెళ్ళాను. తాళి కట్టడం అయ్యాక చదివింపుల వేళకు, మైకులో చదవాల్సిన పెద్దాయన గొంతు పూర్తిగా పట్టేసింది. బాబాయి కంగారుపడుతుంటే జరీనా గారు లేచి వెళ్ళారు. వాళ్ళ నాన్నగారిది బందరులో మైకు సెట్టు. చిన్నప్పుడు ఆయన వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళి చదివింపులు చదివేవారట. ఆ సంగతి నాకప్పుడే తెలిసింది.

“మీకు అభ్యంతరం లేకపోతే నేను చదువుతానండీ,” అన్నారు. బాబాయి ఆ మాటకే ఎదురుచూస్తున్నట్టు మైకు చేతికిచ్చేశారు.

“గుడివాడ వాస్తవ్యులు, పెళ్ళికూతురి మేనత్తగారు ఇత్తడి బిందె చదివించారు! బిందె బరువుగా ఉందండోయ్. అల్లుడుగారూ, మొయ్యడం ఈరోజు నుంచే అలవాటు చేసుకోండి!”

పందిరంతా ఘొల్లుమంది. “పెళ్ళికొడుకు స్నేహితులు టేబుల్ ఫ్యాను చదివించారు! తిరుగుద్దో లేదో మే నెల్లో కబురు చేస్తారంట!” చేతులు కడుక్కుని బస్సుకు బయల్దేరినవాళ్ళు కిళ్ళీ బుగ్గన పెట్టుకుని వెనక్కి వచ్చి నిలబడ్డారు. ఇచ్చినవాళ్ళు తమ పేరెప్పుడు వస్తుందా, ఆవిడ ఏం చమత్కారం ఆడతారా అని మెడలు చాచి చూస్తున్నారు. ఏ పెళ్ళిలోనూ చదివింపులు విని అంతగా నవ్వినట్టు నాకు గుర్తులేదు.

తిరుగు బస్సులో ఆవిడ గొంతు బొంగురుపోయింది. అయినా మాట ఆగలేదు.

“ఎవరిచ్చారో ముందే చెబితే జనం లేచిపోతారన్నారుగా మన గ్రూపులో. ఒక్కళ్ళన్నా లేచారా?”

“లేదండీ.”

“ఇచ్చినోళ్ళు సిగ్గుపడలా. పుచ్చుకున్నోళ్ళూ సిగ్గుపడలా. మనకేంటి మరి? మైకు పెట్టి చెప్పే మాటని కింద చీమల్లాగా ఎందుకు రాస్తన్నాం?”

మర్నాడు ఆవిడ పెట్టిన పోస్టు ఇలా మొదలైంది: “ఈ కుక్కరు కంపెనీ వారు చదివించినది. రాసినందుకు రొక్కం కూడా ముట్టినది. వారం రోజులు వండితిని. అన్నం బాగున్నది, పప్పు అడుగంటినది. పెద్దలు కూర్చుని వినవలెను.” నా పోస్టు కూడా అదే పద్ధతిలో రాసి బటన్ నొక్కాను. సాయంత్రానికి కింద వ్యాఖ్యలు వరదలా వచ్చిపడ్డాయి. ఒకావిడ “మా మిక్సీ మా అత్తగారు చదివించినది, ఇంతవరకు తిరగనిది” అని రాసింది. ఇంకొకరు తమ ఇంట్లో ఉన్న సామానంతా ఎవరు చదివించారో వరసపెట్టారు. చదవడానికి వచ్చినవాళ్ళు కదలకుండా కూర్చున్నారు. నేను కాలేజీకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. జరీనా గారు సేమ్యా పాయసం చేసి పెడితే ఇద్దరం గిన్నెలు గీకి మరీ తిన్నాం. ఆ సాయంత్రం పడ్డంత సంతోషం నేను మళ్ళీ పడ్డానో లేదో చెప్పలేను.

ఆ తర్వాత సైటు చాలా వేషాలు మార్చింది. వీడియోలు చెయ్యమంది, తెలుగు వద్దంది, చివరికి మూతపడింది. పప్పు అడుగంటిందని రాస్తే అలిగిన కంపెనీలు కొన్ని, అదే నచ్చి మళ్ళీ వచ్చినవి కొన్ని. సైటు పోయేనాటికి ఇక్కడి షాపుల వాళ్ళే నేరుగా ఫోన్ చేసి “మా పేరు కూడా పైన గట్టిగా చదవండి” అని అడగడం మొదలుపెట్టారు. జరీనా గారు ఇప్పుడు బందరులో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. నా పోస్టులు ఇప్పటికీ పైకే చదువుతారట, ఇంటిల్లిపాదికీ తప్పదు. ఎక్కడైనా వాడకుండా రాశానంటే గంటలో ఫోన్ వస్తుంది. ఆవిడ తిట్టినా నాకు పండగే. ఆవిడంటే నాకంత ఇష్టం.

పోయిన నెల ఒక గృహప్రవేశంలో బంతి భోజనాలకు కూర్చున్నాం. నూనె మిల్లు నడిపే మా పెదనాన్న వరస చివరి నుంచి కేకేశారు. “ఏమ్మా, ఇంకా ఆ కంప్యూటర్ పనేనా?” వరసలో తలలన్నీ నావైపు తిరిగాయి. ఒకప్పుడైతే విస్తట్లోకి చూస్తూ పప్పు కలుపుకునేదాన్ని.

“డబ్బు తీసుకుని వస్తువుల గురించి రాస్తాను పెదనాన్నా,” అన్నాను, వరస చివరిదాకా వినపడేలా. “ఎవరిచ్చారో ముందు చెప్తాను, వాడి చూసి రాస్తాను.”

“అట్టాగైతే మా మిల్లు నూనె గురించి రాయవే. డబ్బులు నేనిస్తా.”

“రాస్తా. మా పెదనాన్న మిల్లేనని మొదటి వరసలోనే రాస్తా. గారెలు నూనె పీల్చాయనుకో, అదీ రాస్తా!”

బంతంతా గొల్లున నవ్వింది. పెదనాన్న ముద్ద విస్తట్లో వదిలేసి నావైపు ఎంగిలి చెయ్యి ఊపారు.

“పెద్ద డబ్బానే పంపుతా,” అన్నారు. “పీలిస్తే పీల్చాయనే రాయి, చూద్దాం.”

నేను తలెత్తి, వడ్డించే అబ్బాయిని పిలిచి, మారు అన్నం పెట్టించుకున్నాను.