తాండూరులో యాదమ్మక్క బండల పిచ్

వికారాబాద్‌లో నాకు మోటార్లు వైండింగ్ చేసే చిన్న షాపు ఉంది. ఆ పని ఎవరూ నేర్పలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి చూసి నేర్చుకున్నాను. మా అమ్మాయి కావ్యకు బౌలింగ్ కూడా అలాగే నేర్పాను, ఫోనులో వీడియో పెట్టి, ఆపి, మళ్లీ చూసి. కావ్యకు పద్నాలుగేళ్లు. వేగంగా వేస్తుంది. మాకు మైదానం దూరం కాబట్టి రోజూ పొద్దున మార్కెట్ యార్డులో ధాన్యం ఆరబోసే సిమెంటు కల్లం మీద వేసేది. అది చదునుగా ఉంటుంది, బంతి చక్కగా లేస్తుంది, వాన పడినా బురద కాదు. రైతులు మక్కలు పోసినప్పుడు ఒక మూల వదిలేవారు. ఈ కార్తీకంలో హైదరాబాదులో అండర్ ఫిఫ్టీన్ అమ్మాయిల ఎంపికలు ఉన్నాయని తెలిసింది. దానికి సరిగ్గా వారం ముందు ఆదివారం నాడు మేము తాండూరు వెళ్లాం. అక్కడ యాదమ్మక్క అని ఇండియాకు ఆడిన ఒక బౌలర్ ఉందని, ఆడపిల్లలకు ఆదివారాలు ఉచితంగా నేర్పుతుందని, ఒక్క పూట ఆమె కంట్లో పడితే ఎంపికల్లో ధైర్యంగా ఉంటుందని కావ్య బళ్లో ఆటల సారు చెప్పారు. మేము వెళ్లొచ్చాక ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నన్ను వివరాలు అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను. ఖర్చులు రోజూ రాసుకునే అలవాటు ఉంది కాబట్టి ఛార్జీల్లో పొరపాటు ఉండదు.

వికారాబాద్ నుంచి తాండూరుకు రైలు సుఖం. పొద్దున పాసింజరుకు ఇద్దరికీ ముప్పై రూపాయలు అయింది, గంటలోపే దించింది. ధారూరు మీదుగా బస్సులు కూడా ఉన్నాయి. ఆడవాళ్లకు టికెట్టు ఉండదు, ఆధార్ కార్డు మాత్రం చూపించాలి. ఆదివారం కాబట్టి బోగీ ఖాళీగా ఉంది. కావ్య కిటికీ పక్కన కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. మామూలుగా బంతి చేతిలో తిప్పుతూ కూర్చుంటుంది, ఆ రోజు బయటికి తీయలేదు. తాండూరు స్టేషనులో వంతెన మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగింది. సంచి బరువనుకుని నేను అందుకున్నాను. ఇచ్చేసింది. నడక మాత్రం మారలేదు.

స్టేషను బయట ఆటోలు దొరుకుతాయి. బండలు పాలిష్ చేసే షెడ్లు ఊరి చివర ఉంటాయి, ఎనభై రూపాయలు అడుగుతారు, బేరం అక్కర్లేదు. మాకు దొరికిన డ్రైవరు పేరు సలీం. నలభై దాటి ఉంటాడు. యాదమ్మక్క దగ్గరికి అనగానే వెనక్కి తిరిగి చూశాడు.

“యాదమ్మ మేడం తాననా? కూసోండ్రి. చిన్నగున్నప్పుడు మా గల్లీల పోరగాళ్లం ఆమె బాలింగుకు బ్యాట్ పట్టాలంటే పరేషాన్ అయ్యెటోళ్లం. మా పెద్దన్న ఆడపిల్ల బాలింగుకు హెల్మెట్ ఏందిరా అన్నడు. ముందటి పన్ను పోయింది. ఇప్పటికి గూడ పెండ్లి ఫోటోలల్ల నోరు మూసుకునే ఉంటడు.”

నేను నవ్వాను. సలీం అద్దంలో కావ్యను చూసి, “నువ్వు గూడ పండ్లు రాలగొడ్తవా బిడ్డా?” అన్నాడు. కావ్య బయటికి చూసింది. దారి పొడవునా రెండు వైపులా బండలు నిలబెట్టి ఉన్నాయి. షెడ్ల ముందు తెల్లటి బురద ఎండి పొరలు పొరలుగా లేచింది.

మూతపడ్డ ఒక పాలిషింగ్ షెడ్డు వెనక ఆ పిచ్ ఉంది. మట్టి కాదు, గడ్డి కాదు. అమ్మకానికి పనికిరాని అంచు విరిగిన బండలు వరుసగా పరిచి, సందుల్లో సిమెంటు నింపి చేసిన పిచ్. దాని మీద బంతి లేవదు, నీటి మీద జారినట్టు వస్తుంది. ఏడెనిమిది మంది అమ్మాయిలు ప్యాడ్లు కట్టుకుంటున్నారు. పిచ్‌కు రెండు కొసలా, బౌలర్ కాలు పడే చోట మాత్రం బండలు లేవు. వాటిని పెకలించి ఎర్రమట్టి నింపారు. అది ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

యాదమ్మక్క ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచింది. యాభై పైబడిన మనిషి, పొడుగు, ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తుంది. నమస్తే మేడం అని, వచ్చే ఆదివారం ఎంపికల సంగతి చెప్పాను. “మేడం గీడం వద్దు తమ్మీ, అక్కా అను” అంది. కావ్య ముఖం చూడకుండా ముందు కాళ్ల వైపు చూసింది.

“ఏడ ఏస్తవ్ బిడ్డా బాలింగు?”

“మార్కెట్ యార్డుల.”

“కల్లం మీదనా?”

“ఔ.”

ఆమె బంతి చేతికిచ్చి వేయమంది. కావ్య పరుగు తీసి మొదటి బంతి వేసింది. వికెట్‌కు తగిలింది. ప్యాడ్లు కట్టుకుంటున్న పిల్లలు తలెత్తి చూశారు. నాకు గర్వంగా అనిపించింది. రెండో బంతికి కావ్య మళ్లీ పరుగు మొదలుపెట్టగానే యాదమ్మక్క చెయ్యి అడ్డంగా చాచింది. “చాలు, ఇగ కూసో” అంది. మట్టిలోనే కూర్చోబెట్టి, ట్రాక్ ప్యాంటు మోకాలి దాకా మడిచి, ఎడమ ముంగాలి ఎముక మీద బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుతూ వచ్చింది.

“ఈడ నొస్తదా?”

“లేదు.”

“ఈడ?”

“లేదు.”

“ఈడ?”

కావ్య కింది పెదవి పళ్లతో పట్టుకుంది. కళ్లలో నీళ్లు నిండాయి.

“ఎప్పటిసంది?”

“దసరా సంది,” అంది కావ్య. నా వైపు చూడలేదు.

యాదమ్మక్క కావ్య ప్యాంటు మడత విప్పి నాతో చెప్పింది. “తమ్మీ, కండ నొస్తె జానెడు నొస్తది. గిది ఏలు పెట్టిన కాన్నే నొస్తుంది. ఎముకల సన్నగ పగులు పడుతున్నట్టుంది. సిమెంటు మీద రోజు దుంకితె గిట్లనే అయితది. డాక్టరుకు చూపియ్యి. వచ్చే ఆయితారం మాత్రం బాలింగు వద్దు.”

“నేను పోత,” అంది కావ్య వెంటనే. “ఒక్క దినమే గదా. మళ్ల ఏడాది దాక ఉండది. అప్పటికి నాకు వయసు దాటిపోతది.”

వేలు పెట్టి చూపించిన నొప్పి ఒకవైపు, ఏడాదికి ఒక్కసారి వచ్చే రోజు ఇంకోవైపు. అప్పుడే యాదమ్మక్క మిగతా పిల్లలను బ్యాటింగుకు పంపి, మట్టిలో కావ్య పక్కనే కాలు చాపుకుని కూర్చుని తన సంగతి చెప్పింది. ఎవరికో కథ చెప్పినట్టు కాదు, పని చూపించినట్టు చెప్పింది.

ఆమె తండ్రి బండలు కొట్టే కూలీ. అన్నలు ఆడుతుంటే చూసి నేర్చుకుంది. కూతురు రోడ్డు మీద వేస్తుంటే లారీల భయానికి తండ్రి, యజమానిని అడిగి పగిలిన బండలు తెచ్చి ఈ పిచ్ పరిచాడు. బండ మీద బంతి జారడంతో అందరికంటే వేగం వచ్చింది. పద్దెనిమిదేళ్లకు హైదరాబాదు జట్టులోకి వెళ్లింది. “మొదటి దినం పేరడిగిండ్రు. యాదమ్మ అన్న. వంటకు వచ్చినవా, గిన్నెలు అటుపక్కన ఉన్నయ్ అన్నరు. సాయంత్రం దాక వాళ్ల వికెట్లే తీసిన,” అంది. ఆ రోజుల్లో ఆడవాళ్ల జట్టుకు రిజర్వేషన్ డబ్బులు ఉండేవి కావట. జనరల్ బోగీలో కిట్ల మీద కూర్చుని ఉత్తరాదికి వెళ్లేవారు. బడి గదుల్లో బల్లలు జరిపి పడుకునేవారు. ఇద్దరు ముగ్గురికి ఒక బ్యాటు. తెల్ల బట్టలు ఎవరివి వాళ్లే రాత్రి ఉతికి, ఆరకపోతే తడివే వేసుకుని ఆడేవారు. అలా ఆరేళ్లు ఆడాక ఇండియా జట్టులో పేరు వచ్చింది.

“రెండు మ్యాచులు మంచిగ ఆడిన. మూడోదానికి ముంగాలు గిదే జాగల నొచ్చింది. ఎవ్వరికి చెప్పలే. చెప్తె కూసోపెడ్తరు, నా జాగల ఇంకొకామె వస్తది. సాక్సు లోపల బ్యాండేజీ బిగ్గ చుట్టుకున్న. నాలుగో ఓవర్ల కాలు పెట్టంగనే కట్టె ఇరిగినట్టు సప్పుడైంది. కీపరు గూడ ఇన్నది. బాలు బ్యాటింగు చేసేటామె ప్యాడ్లకు తాకింది. నేను కింద పడుకుంటనే చెయ్యి లేపి అడిగిన. అంపైరు ఔట్ ఇచ్చిండు.” ఆమె కొంచెం నవ్వింది. “అందరు ఉరికొచ్చిండ్రు. సంబురానికి అనుకున్న. లేపుదామని వచ్చిండ్రు.”

అదే ఇండియాకు ఆమె చివరి మ్యాచ్. ఎముక అతికేసరికి ఏడాది దాటింది. కాలు పొట్టిదైంది. పరుగు తీయలేక స్పిన్ నేర్చుకుని హైదరాబాదు జట్టుకు మరికొన్నాళ్లు ఆడింది. ఆటల కోటాలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఇండియా జట్టుకు మళ్లీ ఎవరూ పిలవలేదు. ఊరికి వచ్చాక చేసిన మొదటి పని గడ్డపార తీసుకుని, పిచ్ రెండు కొసలా బౌలర్ కాలు పడే చోట బండలు పెకలించడం. “నాయిన పెట్టిన బండలు. నేను లేపుతుంటే షెడ్డు గడప కాడ నిలవడి చూసిండు. కొన్ని దినాలు నాతోని మాట్లాడలే. ఒక పొద్దు ఆయనే ట్రాలీల ఎర్రమన్ను తెచ్చి గుంతలల్ల పోసి తొక్కిండు. మాట మాత్రం అనలే.”

కావ్య అంతా వింది. విని అన్న మాట నేను మరిచిపోలేను. “మీరు ఆ దినం చెప్పకుండ ఆడిండ్రు గనకనే మూడు మ్యాచులు ఆడిండ్రు. చెప్తె రెండే అయితుండె.”

నేను కోప్పడబోయాను. యాదమ్మక్క ఆగమన్నట్టు చెయ్యి ఊపింది.

“నిజమే బిడ్డా. చెప్తె రెండే అయితుండె. ఏమో, కొన్ని నెలలు కూసోని, మళ్ల లేసి ముప్పై మ్యాచులు ఆడుదునేమో. నాకు ఎర్క లేదు. ఎన్నడు ఎర్క కాదు. ఆడినయి యాదికి వస్తె సంబురమైతది. ఆడనియి యాదికొస్తెనే నిద్ర పట్టది.” తర్వాత లేవడానికి నా చెయ్యి పట్టుకుంటూ అంది, “నేను వద్దంటె ఊకుంటవు, మీ నాయిన వద్దంటె ఊకుంటవు. ఆ మైదానంల మేమెవ్వరం ఉండం. కాలు నీది. నువ్వే చెప్పాలె.”

మధ్యాహ్నం ఆమె ఇంట్లోనే తిన్నాం. జొన్నరొట్టె, పుంటికూర, గట్టిగా ఉడికిన తాండూరు కందిపప్పు. బయట తినాలనుకునేవారికి బస్టాండు దగ్గర రొట్టెల హోటళ్లున్నాయి, మనిషికి ఎనభై, తొంభై అవుతుంది. పొయ్యి దగ్గర ఉన్న ఆమె వదిన కర్ణాటక సరిహద్దు అవతలి మనిషి, కన్నడం కలిపి మాట్లాడుతుంది. కావ్య పళ్లెంలో రెండో రొట్టె వేస్తూ, యాదమ్మక్క వైపు చూపించి, “తిను, తిను. ఈకె కూడా కాలు విరిగినాక రొట్టె మానలేదు” అంది. యాదమ్మక్క, “ఇరిగింది కాలు, పండ్లు కాదు” అంది. కావ్య మొదటిసారి నవ్వింది, కొద్దిగా. డబ్బు ఇవ్వబోతే యాదమ్మక్క తీసుకోలేదు.

తిరుగు రైలు సాయంత్రం గాని లేదు. అందుకని బస్టాండుకు వచ్చాం. వికారాబాద్ బస్సు కోసం సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఎంపికల గురించి దారిలో ఒక్క మాట కూడా అనకూడదని నిర్ణయించుకున్నాను. మొదట పరిగి బస్సు వచ్చి వెళ్లింది. తర్వాత కొడంగల్ బస్సు వెళ్లింది. కావ్య చెయ్యి చాచి, “డాడీ, ఫోన్ ఇయ్యి” అంది. తానే ఆటల సారు నంబరు వెతికి నొక్కింది.

“సార్, కావ్యను. ఆయితారం నేను వస్తలేను.” అటు నుంచి ఏదో అడిగారు. “లేదు సార్, భయం కాదు. కాలు నొస్తుంది. దసరా సంది నొస్తుంది.” ఇంకా ఏదో అడిగారు. “డాడీకి తెల్వదు సార్. నేనే చెప్పలే.”

ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది. బస్సులో కిటికీ వైపు తిరిగి ధారూరు వచ్చేదాకా ఏడ్చింది. నేను ఆపలేదు. నా టికెట్టు తీసుకుని, ఆమె ఆధార్ చూపించి, పక్కన కూర్చున్నాను. ధారూరు దాటాక తల నా భుజం మీద వాల్చి నిద్రపోయింది.

మర్నాడు వికారాబాద్‌లో ఎముకల డాక్టరుకు చూపించాం. స్కానులో సన్నటి పగులు కనబడింది. కొన్ని నెలలు పరుగు వద్దన్నారు. కావ్య ఇప్పుడు ఇంట్లో కుర్చీలో కూర్చుని మణికట్టుతో బంతి తిప్పడం నేర్చుకుంటోంది. వచ్చే ఏడాది పెద్ద పిల్లల ఎంపికలు ఉంటాయి, వాటిలో పేరు వస్తుందో రాదో నాకు తెలియదు. తాండూరుకు నేను మా అమ్మాయి వేగం ఒకరికి చూపించాలని వెళ్లాను. నొప్పిని దాచిపెట్టడం తప్ప వేరే దారి లేదనుకున్న పిల్ల, బస్టాండులో నలుగురూ వింటుండగా నొస్తోందని చెప్పడం చూసి వచ్చాను. ఆ రోజు కోల్పోయింది చిన్నదని మాత్రం నేను అనను. అది కావ్యకే తెలుసు, యాదమ్మక్కకు తెలుసు.

మీరు వెళ్లేటట్టయితే ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు అక్కడ ఉండండి, పిల్లకు మోకాలి దాకా సులువుగా మడవగలిగే వదులు ప్యాంటు వేసి తీసుకెళ్లండి.