పాల వేడి, కడుగుడు వేడి

ఈ ఉదయం పెందుర్తి దాటాక ఒక పళ్ళరసాల ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే వేడి కాస్టిక్ సోడా నీళ్ళ ఆవిరి మొహానికి కొట్టింది. పక్కవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం గుండె వేగం పెరిగింది. ఆ ఆవిరి తగిలితే ఇప్పటికీ పైడమ్మ గారు ఎదురుగా నిలబడినట్టే ఉంటుంది.

ఆవిడ అప్పట్లో ఆనందపురం దగ్గరి పాల ఫ్యాక్టరీలో ప్లాంటు ఇన్‌చార్జి, నా పై అధికారి. ట్యాంకులు కడిగే పనిలో చేరి ఆ కుర్చీదాకా వచ్చారు. నేను కొత్త ఇంజనీరుని. మా తాత కాలంలో ఆ చుట్టుపక్కల పొలాలు చాలావరకు మావే. నాన్న కాలానికి ఇంటిపేరొక్కటే మిగిలింది. దాన్ని భుజాన వేసుకునే ఉద్యోగానికి వెళ్ళేవాణ్ణి. "రాజావారొచ్చారు, కుర్చీ తుడవండర్రా" అనేవారావిడ. నా చెవులు కాలిపోయేవి. ఆవిణ్ణి 'గారు' అని పిలవడానికి నాకు నోరు వచ్చేది కాదు.

పాలను వడకట్టి చిక్కబరిచే కొత్త లైనుకు ఫిల్టర్ మాడ్యూల్ ఎంచే పని నాకిచ్చారు. నా తొలి పెద్ద పని. సేమియాల్లాంటి ప్లాస్టిక్ గొట్టాలను కట్టగట్టి, చివర్లు జిగురుతో బిగించిన మాడ్యూల్ నాకు నచ్చింది. చిన్న చోటులో బోలెడంత వడపోత. ఆవిడకు చూపించకుండానే సంతకం చేసి, శుక్రవారం జరిగే డైరెక్టర్ల సమావేశానికి పంపేశాను.

"పాలు ఎంత వేడిలో ఎల్తాయి బాబూ?" అని అడిగారు, విషయం తెలిశాక.

"యాభై డిగ్రీలు. ఇది అంతకన్నా ఎక్కువే తట్టుకుంటుంది."

"మరి కడిగినప్పుడో?"

రోజూ కాస్టిక్‌తోనూ, ఎనభై అయిదు డిగ్రీల నీళ్ళతోనూ కడుగుతారని నాకు తెలుసు. ఎంచేటప్పుడు గుర్తు రాలేదు.

"పాలు సుట్టాలు. వచ్చి ఎల్లిపోతాయి. దీని కాపరం కడుగుడు నీళ్ళతోనే. ఏటి సూసి ఎంచినావు?"

"పెద్ద కంపెనీది" అన్నాను బింకంగా.

"అయితే నమూనా తే. నాను కడుగుతాను, నువ్వు సూడు."

నా మాడ్యూల్ పక్కనే పింగాణీలాంటి సిరామిక్ వడపోత గొట్టం కూడా బిగించారు. "దీనికి నెమ్మదిగా వేడి పెంచు. మొండిదే గానీ ఉలిక్కిపడితే పగిలిపోద్ది" అన్నారు. రోజుకు ఎన్నిసార్లు వీలైతే అన్నిసార్లు కడిగి, మధ్యమధ్య పాలు పంపాం. నాది నిలబడాలని ప్రతిసారీ పళ్ళు బిగపట్టి చూశాను. మూడో రోజు, తేటనీరు రావలసిన వైపు తెల్లటి చార కనబడింది. కోసి చూస్తే జిగురు నెర్రెలిచ్చి, గొట్టాలు ఊడి ఉన్నాయి. కుంగిపోవలసినవాణ్ణి. కానీ అప్పటికే నా కళ్ళు సిరామిక్ గొట్టం కింది గాజుగ్లాసు మీద ఉన్నాయి.

"పైడమ్మ గారూ, తేటగానే వస్తోందండీ!" అని కేక పెట్టాను.

"ఓలమ్మో, రాజావారు అరిసినారు!" అని ఆవిడ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత గొంతు తగ్గించి అన్నారు. "రేపు మీటింగులో నాను మాటాడతాను. నమూనా బాగోలేదంటాను. నీ పేరు సెడదు."

ఒప్పుకోవాలనే అనిపించింది. ఆ ఒక్క పేరే కదా మాకు మిగిలింది. అయినా మర్నాడు డైరెక్టర్ల ముందు ఆవిడకంటే ముందే లేచాను. "ఎంపిక నాది. కడిగే వేడి చూడలేదు. తప్పు నాది" అన్నాను. తర్వాత సిరామిక్ గురించి చెప్పడం మొదలుపెడితే మాట ఆగలేదు, ఎవరో నీళ్ళు తాగమనేదాకా.

మా ఇంట్లో పెద్దవాళ్ళెవరూ 'తప్పు నాది' అన్న రెండు ముక్కలు పైకి అనగా నేను వినలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చాలాసార్లు అనవలసి వచ్చింది. అన్నప్పుడల్లా లేచి నిలబడే అంటాను.