రేసు కారుకు అత్తగారి ఆముదం

1933లో కోవిల్‌పట్టిలో నాకొక మోటారు షెడ్డు ఉండేది. పైన తాటాకు, కింద నూనె మరకలు, మధ్యలో నా నోరు. మూడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది గానీ నోరు మాత్రం నన్ను వదల్లేదు. రిపేరుకు ఆగిన బస్సు బాగైపోయినా, నేను చెబుతున్న కబురు ముగిసేదాకా ప్రయాణికులు ఎక్కేవారు కాదు. అదే నా గొప్ప అనుకునేవాణ్ణి.

ఊరికి కాస్త దూరంలో నల్లరేగడి భూములున్న పెద్ద నాయకర్ ఒకాయన. ఆయన ఒక్కగానొక్క కొడుకు రంగసామి. తేయాకు తోట దొర ఒకడు సీమకు వెళ్లిపోతూ అమ్మిన రెండు సీట్ల రేసు కారును ముచ్చటపడి కొన్నాడు. విరుదునగర్‌లో సొంత వర్క్‌షాపు పెట్టాలని అతని ఆశ. అందులో హెడ్ మెకానిక్ అవ్వాలని నా ఆశ. నాయకర్‌కు ఈ రెండూ పిచ్చిపనులే. చివరికి ఒక షరతు పెట్టాడు.

"మిరపకాయల సంతకు నేను పొద్దుటి రైలుకు పోతా ఉండాను. నాకంటే ముందు నీ వండి విరుదుపట్టి చేరితే వర్క్‌షాపు పెట్టుకో. లేదంటే దాన్ని అమ్మేసి నా ఎనక మడక దున్నేదానికి రా."

విరుదునగర్‌ను పెద్దవాళ్లు అప్పటికీ విరుదుపట్టి అనే అనేవారు. వండి అంటే ఆయన మాటలో బండి.

ఆ కారుకు రైలును దాటడం పెద్ద పని కాదు. చిక్కల్లా ఆయిల్ దగ్గరే. ఇంజనులో ఇనుమూ ఇనుమూ రాసుకోకుండా మధ్యలో పలచని పొరలా నిలిచేది ఆయిల్. బస్సు ఇంజను నింపాదిగా తిరుగుతుంది కాబట్టి భూమిలోంచి తీసిన మామూలు టిన్ను ఆయిల్ చాలు. రేసు ఇంజను వేడికి అది నీళ్లలా జారిపోతుంది. అందుకే ఆ రోజుల్లో పందేలవాళ్లు ఆముదం ఆయిల్ పోసేవారు. అయితే అది ఫ్యాక్టరీలో శుద్ధిచేసిన ఆముదం. మన ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసేది కాదు. పైగా ఆముదానికీ మామూలు ఆయిల్‌కూ పొత్తు కుదరదు. ముందు సంప్‌ను, అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని, ఖాళీచేసి కడగాలి. రెండు ఆయిళ్లు కలుస్తాయో లేదో తెలియకపోతే గాజుసీసాలో పోసి, ఊపి, కాసేపు ఊరికే ఉంచాలి. అవి విడిపోతే ఇంజనులో పోయకూడదు. ఇది నాకు తెలుసు. పక్క షెడ్ల వాళ్లకు నేర్పినవాణ్ణే నేను.

రైలుకు ముందురోజు సాయంత్రం రంగసామి దిగులుగా వచ్చాడు. కారులో మామూలు ఆయిలే ఉంది.

"గురవా, మదరాసు నుంచి రావాల్సిన ఆముదం టిన్ను రాలేదే. ఇంకో సంతదాకా ఆగమని నైనాను అడగనా?"

షెడ్డు ముందు టీ తాగుతున్నవాళ్లంతా నావైపు చూశారు. ఇక నా నోరు ఆగుతుందా?

"ఆముదానికి మదరాసు పోవాలా చిన్నయ్యా? మా అత్త ఇంట్లో కుండనిండా ఉండాది. ఆముదం తాగినోడు ఏడన్నా ఆగింది చూసినారా? మీ నైన రైలు దిగేలోపల మీ కారు మదురై దాటిపోతాది!"

టీ గ్లాసులు తొణికిపోయేలా నవ్వారు. రంగసామి కూడా నవ్వాడు. తర్వాత దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నిజంగానే దాన్ని ఇంజనులో పోయొచ్చునా?"

"ఎగతాళికన్నాను, ఆగుదాం" అని ఉంటే సరిపోయేది. సీసా తలుపు పక్క గూట్లోనే ఉంది. కానీ సీసా ఊపి మౌనంగా కూర్చుంటే ఆ నవ్వంతా చల్లారిపోతుంది.

"గురవ చెప్తే సందేహమా?" అన్నాను. కుండ తెప్పించాను. సంప్ కడగలేదు. సగం ఆయిల్ దించి, అందరూ చప్పట్లు కొడుతుండగా పైన ఆముదం పోశాను.

పొద్దున రైలు కూతతోపాటే బయల్దేరాం. పక్క సీట్లో నేను. గాలిలో ఆముదం కమ్మగా వాసన వేస్తోంది. రైలును దాటినప్పుడు కిటికీలో నాయకర్ తలపాగా కనబడింది. నేను చెయ్యెత్తి సలాం కూడా కొట్టాను.

సాత్తూరు దాటాక ఇంజను మూలిగింది. మరి కాస్త దూరం పోయి దబ్బున బిగుసుకుపోయింది. డిప్‌స్టిక్ బయటికి లాగి చూశాను. ఆయిల్ ఎంతుందో చూసే ఆ పుల్లకు విరిగిన పాలలాంటి బంక అంటుకుంది. ఆ బంక ఇంజను లోపలి దారులు మూసేసి బేరింగులకు ఆయిల్ అందనివ్వలేదు. మేం చూస్తుండగానే రైలు మమ్మల్ని దాటిపోయింది. ఈసారి సలాం కొట్టింది రైల్లోవాళ్లు.

దూదిమూటల ఎడ్లబండి ఒకటి వస్తే దాని వెనక కారును తాడుతో కట్టుకున్నాం. బండివాడు తిరిగి చూసి అడిగాడు.

"మోటారుకు ఏ నూనె పోసినారు సామీ?"

"ఆముదం" అన్నాను.

"నేనూ అదే గదా పోసింది ఇరుసుకు! నాది బాగా పోతా ఉండాదే!"

మరో రోజైతే ఆ మాటను ఏడాదిపాటు షెడ్డులో అమ్ముకునేవాణ్ణి. ఆ రోజు తల ఎత్తలేకపోయాను.

సాయంత్రానికి చేరేసరికి, సంత ముగించుకున్న నాయకర్ విరుదునగర్ స్టేషన్ ముందు తిరుగు రైలు కోసం నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరిచేలోపే రంగసామి అన్నాడు:

"తప్పు నాది నైనా. తొందరపడి తోలేస్తిని."

అతను నన్ను కాపాడుతున్నాడు. నేను పోగొట్టింది అతని వర్క్‌షాపును. నేను కారు కిందికి దూరి సంప్ బిరడా విప్పాను. కారిన ముద్దను టిన్ను మూతలో పట్టి నాయకర్ ముందుంచాను.

"చిన్నయ్యది కాదు సామీ. నేను పోసినాను దీన్ని."

ఆయన వేలితో తీసి వాసన చూశాడు.

"తెలియక పోసినావా?"

"తెలిసే పోసినాను. అందరూ నవ్వుతా ఉండిరని..."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన వేలు తుడుచుకుంటూ కొడుకుతో అన్నాడు:

"నవ్వాలంటే ఈణ్ణి పిలువు. వండి చూసేదానికి ఇంకొకణ్ణి పిలిచి ఉండాల."

కారు అమ్ముడైపోయింది. రంగసామి మడక పట్టాడు. సంతలో కనిపిస్తే ఎప్పటిలాగే పలకరించేవాడు. నేనే పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి.

కొన్నేళ్ల తర్వాత వాళ్ల బావికి ఆయిల్ ఇంజను వచ్చింది. ఒక మధ్యాహ్నం అతను రెండు చిన్న డబ్బాల్లో ఆయిల్ పట్టుకుని నా షెడ్డుకొచ్చాడు. చేతులు నల్లరేగడికి పగిలి ఉన్నాయి.

"పాతది కొంచెం మిగిలుండాది. దాంట్లో కొత్తది కలపొచ్చునా గురవా? నగిపించకుండా చెప్పు."

గూట్లోంచి సీసా తీశాను. రెండూ పోసి, ఊపి, కిటికీలో పెట్టాను. టీ తాగేవాళ్లు నా నోటికేసి చూస్తూ కూర్చున్నారు. నాలుక చివర ఒక మంచి మాట వచ్చి నిలబడింది కూడా.

మింగేశాను. సీసాలో రెండూ విడిపోకుండా కలిసి తేటపడేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.