ఎర్రరంగు వదలని పుల్లలు

నాకు ముక్కు మీదే కోపం. ఇంట్లోవాళ్ళు అంటారు, మా హుస్సేనీ ఆలం గల్లీ అంతా అంటుంది, నేనూ కాదనను. కానీ ఆ రోజు దవాఖాన లాబొరేటరీలో మైక్రోస్కోపు మీదికి వంగి నా భార్య తెమడ చూస్తున్నప్పుడు కోపం రాలేదు, గుండె జారిపోయింది. నీలిరంగు మీద నాలుగు సన్నటి ఎర్ర పుల్లలు. గాజుపలకను కొంచెం పక్కకు జరిపాను. అక్కడా రెండు.

అవి యుద్ధం రోజులు. మా బాపు, అన్న బర్లను సాకి ఇండ్లకు పాలు పోసేవాళ్ళు. నేనొక్కణ్ణే నాలుగు ఉర్దూ అక్షరాలు నేర్చుకొని నది అవతలి దవాఖానలో పనికి కుదిరాను. డాక్టర్లు పంపిన తెమడ, నెత్తురు గాజుపలకల మీద పూసి, రంగులద్ది, భూతద్దం కింద పెట్టడం నా పని. మా అన్నకు అది పనిలాగే తోచేది కాదు. "రంగులద్దెటోనికి జీతమిస్తున్నరంటె సర్కారుకు పైసలు ఎక్కువైనట్టే" అనేవాడు.

క్షయ పురుగును పట్టుకోవడానికి ఒక పద్ధతి ఉంది. దాని ఒంటి మీద మైనం లాంటి పొర ఉంటుంది. ఎర్రరంగు పోసి పలకను కింది నుంచి వెచ్చజేస్తే రంగు లోపలికి దిగిపోతుంది, తర్వాత ఆసిడ్ పోసి కడిగినా వదలదు. తక్కిన సూక్ష్మజీవులు దాదాపు అన్నీ వదిలేస్తాయి, వాటికి చివర్లో నీలిరంగు ఎక్కుతుంది. నీలంలో ఎర్ర పుల్ల కనబడిందంటే మేము రిజిస్టరులో "దిక్" అని రాసేవాళ్ళం. ఉర్దూలో క్షయను అట్లా అంటారు. అప్పటికి నేను ఆ మాట ఎంతమంది పేర్ల పక్కన రాశానో లెక్కలేదు. రాసి, చేతులు కడుక్కొని, చాయ్ తాగిన రోజులూ ఉన్నాయి. సిగ్గులేని చేతులు!

నా భార్యకు నెల రోజులుగా దగ్గు. వానలు మొదలైనప్పుడు పట్టుకున్నది వదలనేలేదు. మిరియాల కషాయమైంది, తమలపాకు రసమైంది, పక్కింటి హకీం ఇచ్చిన నల్లటి లేహ్యమూ అయింది. చివరికి నేనే లొల్లి చేసి, తెమడ పరీక్ష చేద్దాం తెమ్మన్నాను. ఆ రోగానికి అప్పుడు మందంటూ లేదు. దిక్ అని తేలితే మనిషిని ఊరికి దూరంగా గుట్టల మీదున్న క్షయ దవాఖానకు పంపాలి. ఏడాదికి తిరిగొచ్చినవాళ్ళు ఉన్నారు, రానివాళ్ళు ఎక్కువ. మా పిల్లగాడికి అప్పుడు ఎనిమిది నెలలు, తల్లిపాలు తప్ప ఇంకోటి తెలియదు.

ఉన్నమాట చెప్తాను. ఆ గాజుపలకను గుడ్డతో తుడిచేసి ఏమీ కనబడలేదని చెబుదామా అనుకున్నాను. గుడ్డ చేతిలోకి తీసుకున్నాను కూడా. పిల్లగాడు గుర్తొచ్చాడు. నిజంగా దిక్ అయితే పొద్దుమాపు ఆ ఒళ్ళోనే కదా వాడుండేది. గుడ్డ కింద పడేసి డాక్టర్ సాబ్‌ను పిలిచాను.

మా డాక్టర్ సాబ్ లాబొరేటరీకి పెద్ద. చాదస్తుడు. చుక్క రంగు బల్ల మీద పడితే గంటసేపు తిట్టేవాడు. అద్దంలో చాలాసేపు చూసి, "ఎవరిది మియా?" అన్నాడు. చెప్పాను. ఆయన కుర్చీ జరిపి నన్ను కూర్చోమన్నాడు. ఆరేండ్ల నౌకరీలో ఆ గదిలో నేను కుర్చీ మీద కూర్చున్నది అదే మొదలు.

"రేపు ఆమెను తోలుకరా. ఛాతీ చూస్త. తెమడ ఇక్కడనే, మన గాజుగిన్నెల తీద్దాం. ఇంకా ఏమీ రాయకు" అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పక తప్పలేదు. మా అవ్వ, అంటే మా అమ్మ, ఏడవలేదు. పిల్లగాణ్ణి నా భార్య ఒళ్ళోంచి తీసుకొని చంకనేసుకుంది. నా భార్య తన చాప, చెంబు తీసుకొని వెనుక తవుడు బస్తాలుండే అర్రలోకి వెళ్ళిపోయింది. ఎవరూ వెళ్ళమనలేదు, తనే వెళ్ళింది. పిల్లగాడికి బర్రెపాలలో నీళ్ళు కలిపి ఉగ్గుగిన్నెతో పోస్తే సగం మింగి సగం ఉమ్మేవాడు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే మొదటి రోజు అర్ర తలుపు దాకా ఆమె అడుగుల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ వినిపించలేదు. ఆశ వదులుకుందని అనుకొని కుమిలిపోయాను.

డాక్టర్ సాబ్ ఛాతీకి గొట్టం పెట్టి ముందూ వెనుకా చూశాడు. చప్పుడు సాఫుగా ఉందన్నాడు. మూడు రోజులు వరుసగా కొత్త తెమడ తీశాం. మూడుసార్లూ రంగులద్దాను, మూడుసార్లూ పలక ఈ అంచు నుంచి ఆ అంచు దాకా వెతికాను. నీలమే తప్ప ఎర్ర పుల్ల ఒక్కటి లేదు.

"అయితె బీమారి లేనట్టేనా సాబ్?" అన్నాను.

"తొందరపడకు. దిక్ ఉన్నోళ్ళకు గూడ కొన్ని దినాలు తెమడల కనవడదు. లేనిది పక్కకు పెట్టు, ఉన్నదాని పేరు తేలాలె. మొదటి దినం కనవడ్డ ఆ ఎర్ర పుల్లలు ఎవరు? పేరు తెల్వకుండ నేను దస్కత్ పెట్టను."

"ఎర్రగ ఉంటె దిక్ కాదా సాబ్?"

"అరె మియా, నువ్వు గిట్ల ఆరేండ్ల సంది పని చేస్తున్నవా!" అని నెత్తి కొట్టుకున్నాడు. "పురుగుల పేర్లు మీ తెలుగోళ్ళ పేర్ల తీరుగనే. ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. మైకోబాక్టీరియం అన్నది ఇంటిపేరు. ఆ ఖాందాన్‌ల అందరూ ఎర్ర షేర్వానీ తొడిగేటోళ్ళే. దిక్ తెచ్చెటోడు అండ్ల ఉంటడు, గడ్డి మీద బతికే అమాయకుడూ ఉంటడు. షేర్వానీ చూసి అందరిని జేల్ల పెడ్తమా?"

"మరి ఎట్ల గుర్తుపట్టాలె?"

"పెంచి చూడాలె. దిక్ పురుగు మస్తు సోమరి. మూడు నాలుగు వారాలు గాకుంటె కంటికి కనవడదు, అది గూడ వెచ్చగ పెడితెనే. గడ్డి మీదోడు నాలుగైదు దినాలల్ల బయటపడ్తడు, వెచ్చగ పెట్టకపోయినా సరే."

మొదటి రోజు తెచ్చిన తెమడలో నేను సగం దాచిపెట్టాను. దాన్ని మందునీళ్ళతో కడిగి పెంచడానికి సిద్ధం చేశాం. గుడ్లు కొట్టి, పచ్చరంగు కలిపి, గాజు గొట్టాల్లో వాలుగా గట్టిపడేదాకా వేడిచేస్తే అదే ఆ పురుగులకు పొలం. నాలుగు గొట్టాల్లో విత్తాం. రెండింటిని వెచ్చటి పెట్టెలో పెట్టాం, రెండింటిని బయట చెక్క అల్మారాలో. ఇంత పని మామూలు రోగి కోసం చేసేవాళ్ళం కాదు. యుద్ధం వల్ల రంగులు దొరక్క, గుడ్లు దొరక్క చస్తున్నాం. డాక్టర్ సాబ్ తన ఇంటి నుంచి గుడ్లు తెచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు, ఇన్నాళ్ళకు చెప్తున్నాను.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. మామూలుగా గొట్టంలో ఏదన్నా మొలిచిందంటే ఎవరి కొంపో మునిగినట్టు. ఇప్పుడు తొందరగా మొలవాలని మొక్కుతున్నాను. వారంలోపల మొలిస్తే నా భార్య బతికినట్టు, మొలవకపోతే గుట్టల మీదికి పోయినట్టు. గంటకోసారి అల్మారా తెరిచి చూసేవాణ్ణి. "గుడ్లు పొదిగే కోడి గూడ గిన్నిసార్లు లేవదు, పో, పని చేస్కో" అని డాక్టర్ సాబ్ కసిరాడు. పని చేసుకున్నాను. ఒక పలక పగలగొట్టాను, ఒక పలకకు రంగే మరిచిపోయాను.

నాలుగో రోజు వెచ్చటి పెట్టెలోని గొట్టం వెలుతురుకు పెట్టి చూస్తే పచ్చటి గుడ్డు మీద తడితడిగా చిన్న చుక్కలు. నా కళ్ళ భ్రమ అనుకొని ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజు పొద్దున అవి పసుపు ముద్దల్లా లేచాయి. బయట అల్మారాలోని రెండు గొట్టాల్లోనూ లేచాయి! కొంచెం గీకి, పలకకు పూసి, రంగులద్ది చూశాను. అన్నీ ఎర్ర పుల్లలే. ఎనిమిది రోజులు నన్ను చంపిన ఆ ఎరుపును చూసి మొదటిసారి నవ్వాను.

డాక్టర్ సాబ్ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దిక్ కాదు. వాని చుట్టం, గంతే. మూడు దినాల తెమడ సాఫ్, ఛాతీ సాఫ్. మీ ఇంటామెకు దగ్గు ఉన్నది, దిక్ లేదు" అన్నాడు. అంతలోనే కనుబొమలు ముడిచాడు. "ఏమో గానీ, గడ్డి మీదోడు మనిషి తెమడలకు ఎట్ల వచ్చిండు? మొదటిసారి దేంట్ల తెచ్చినవ్?"

"ముంతల సాబ్."

"ఏం ముంత?"

"మా అవ్వ ఇచ్చింది సాబ్, ఇంట్ల వెన్న తీసి పెట్టే ముంత."

"వెన్న ముంతనా!" అని ఆయన అరిచిన అరుపుకు వరండాలో రోగులు లేచి నిలబడ్డారు. ఆ పురుగు గడ్డిలో ఉంటుందట, గొడ్ల దగ్గర ఉంటుందట, పాలలోకి, వెన్నలోకి దిగుతుందట. మట్టి ముంత దాన్ని తనలోకి పీల్చుకుంటుందట. ఎవరికీ ఏ హానీ చెయ్యదు, తిన్నా ఏమీ కాదు. రోజూ రోగులను "సాఫు సీసల తేవాలె, తెలివి లేదా?" అని గద్దించే నేను, నా ఇంటి నుంచి తెచ్చింది ఇది. డాక్టర్ సాబ్ ఇంకా తిట్టేవాడే, కానీ మధ్యలోనే నవ్వొచ్చేసింది ఆయనకు.

మధ్యాహ్నమే సైకిలెక్కి ఇంటికొచ్చి పడ్డాను. దారంతా సంతోషం, వాకిట్లోకి రాగానే మాత్రం పాత కోపం వచ్చేసింది. "అవ్వా! ఇల్లంత గిన్నెలుండంగ వెన్న ముంతనే దొరికిందా నీకు?" అని కేకేశాను.

అవ్వ పిల్లగాణ్ణి ఎత్తుకొనే బయటికొచ్చింది. "ఏందిరా లొల్లి? దవాఖానకు పోయేది, పెద్ద డాక్టరు చూసేది, ఎంగిలి గిన్నెల పంపుతనా? ఇంట్ల అన్నిటికన్న మడిగ ఉండేది నా వెన్న ముంత. ఎండుగడ్డి పెట్టి, బూడిద పెట్టి తోమి, ఎండల పెట్టి ఇచ్చిన. మీ దవాఖాన సీసల కన్న సాఫ్!"

మా ఇండ్లలో ఆ ముంతను ఇంటి ఆడవాళ్ళు తప్ప ఎవరూ ముట్టరు. ఉన్నదాంట్లో మంచిది ఇచ్చింది, దాన్ని ఆ గడ్డి పెట్టే తోమింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. "బీమారి లేదే అవ్వా, ఆమెకు ఏం లేదు. ఫికర్ లేదు" అన్నాను. అవ్వ ఒక్కసారిగా నేల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది.

అర్ర తలుపు తెరుచుకుంది. నా భార్య విన్నది. బావి దగ్గర చేతులూ ముఖమూ కడుక్కొని వచ్చి, అవ్వ చంకలోంచి పిల్లగాణ్ణి తీసుకొని గోడకానుకొని కూర్చుంది. వాడు ముందు కొత్త ముఖం చూసినట్టు చూశాడు, పెదవి విరిచాడు, ఆమె కొంగు వాసన తగలగానే ఒళ్ళోకి దూరాడు.

అవ్వ కండ్లు తుడుచుకుంటూ, "ఎనిమిది దినాలాయె బిడ్డా. పాలు ఎండిపోయి ఉంటయి. ఊరికె వాన్ని ఏడిపియ్యకు" అంది.

పిల్లగాడు ఏడవలేదు. గుటకలు వేస్తున్న చప్పుడు నా దాకా వినిపిస్తోంది. అవ్వ నోరు తెరిచి చూస్తోంది.

"ఎండలేదత్తా. దినానికి నాలుగైదుసార్లు పిండి పారబోసిన. పిండకుంటె ఎండుతయని బర్లింట్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా?"

"నేను ఇంకా ఏ సంగతీ చెప్పకముందే?" అన్నాను.

ఆమె నా వైపు చూడనైనా లేదు. పిల్లగాడి తల మీద అతుక్కున్న గడ్డిపరక తీసేస్తూ అంది: "నీ సంగతి ఎప్పుడు తేలుతదో ఎవరికెరుక. వీడు ఏ దినం ఒచ్చినా పాలు ఉండాలె గద."