పన్నెండడుగుల పశ్చాత్తాపం

మీకు తెలియకుండా మీ పశ్చాత్తాపాన్ని ఎవరైనా ఫ్లెక్సీ కొట్టించి రోడ్డు మీద కడితే మీరేం చేస్తారు? కెజియాకు ఆ గౌరవం ఇరవై ఆరో ఏట దక్కింది.

తోటపల్లి గూడూరులో రొయ్యల మేత దుకాణం పైన పన్నెండడుగుల ఫ్లెక్సీ. ఒక పక్క ఎర్రలైట్ల కింద మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్న కెజియా. మరో పక్క తెల్లచీరలో, తలమీద కొంగుతో, కళ్లు మూసుకున్న కెజియా. మధ్యన: "లోక సంగీతమును విడిచి వచ్చిన ప్రముఖ రాక్ గాయని సాక్ష్యము. ఉజ్జీవ సభలు, మూడవ దినము." తెల్లచీర ఫోటో అక్క పెళ్లినాటిది. కళ్లు మూసుకున్నది ప్రార్థనలో కాదు, కెమెరా వెలుగు పడి.

ఆమె దేన్నీ విడిచి రాలేదు. ఆ శనివారమే నెల్లూరులో ఒక కాలేజీలో కచేరీ ఉంది.

ఎనిమిదో ఏట చర్చి క్వాయరులో మొదలైన గొంతు అది. ఇరవయ్యో ఏట హబీబ్ గిటారుతో, ప్రవీణ్ డ్రమ్ములతో కలిసి 'ఉప్పుగాలి' బ్యాండు అయింది. కరెంటు పోయి, రొయ్యల చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే గట్టు మీద పరుగులు తీసే రైతు గురించి వాళ్లు కట్టిన పాటను పది లక్షలమంది చూశారు. అప్పటినుంచి ఆమె కుర్రకారుకు రొయ్యల రాణి, సంఘపెద్దలకు తప్పిపోయిన గొర్రె. విచిత్రమేమిటంటే, ఆ గొర్రె ప్రతి ఆదివారమూ ఠంచనుగా క్వాయరులోనే నిలబడి ఉంది. తప్పిపోయిందన్నవారే దానికి పాటల పుస్తకం అందిస్తూ వచ్చారు.

కెజియా నేరుగా సంఘపెద్ద లాజరస్ గారింటికి వెళ్లింది.

"తాతా, నేనెప్పుడు విడిచిపెట్టినాను?"

"ఇంకా పెట్టలేదని నాకు తెలుసులేమ్మే. సభలకు పదిరోజులుంది గదా!"

"నన్ను అడగకుండా వేసేదేనా?"

"అడిగితే వద్దంటావు. పోయినేడు తాగుడు మానేసినాయన చేత చెప్పిస్తే నలభైమంది గూడా రాలా. నువ్వయితే పందిలి చాలదు." ఆయన గొంతు తగ్గించాడు. "సాక్ష్యం చెప్పకపోతే క్వాయరులో నిలబడనీరు. కమిటీ మాట అది. మళ్లీ నన్ననొద్దు."

నోటీసు లేదు, విచారణ లేదు, నేరమేమిటో చెప్పే కాగితం లేదు. శిక్ష మాత్రం సిద్ధం. ఆమె పాట పాపమే అయితే, జనాన్ని రప్పించడానికి ఆ పాపం ఫోటోనే అంత పెద్దది చేయించడమెందుకని కమిటీలో ఒక్కరూ అడగలేదు.

స్త్రీల సమాజం కార్యదర్శి అయిన తల్లి రెబెక్కమ్మ రాజీమార్గం కనిపెట్టింది. "రెండు మాటలు చెప్పేసి దిగిరామ్మే. తర్వాత నీ పాట నువ్వు పాడుకో. ఎవరు చూడొచ్చినారు?"

"పది లక్షలమందమ్మా."

కెజియా నవ్వింది గాని, క్వాయరు పోతుందన్న బెంగ ఆమెను నమిలేసింది. బ్యాండులో ఆమె గొంతు అందరికంటే పైన ఉండి తీరాలి. నలుగురి గొంతుల నడుమ తనది ఏదో తనకే తెలియకుండా పాడే సుఖం ఆ ఒక్కచోటే ఉంది.

మూడవ దినం లాజరస్ గారి లెక్క తప్పలేదు, పందిరి చాలలేదు. కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి "పాట, పాట" అని అరిచారు. కెజియా పాడలేదు. మైకు అందుకుని, ముందు వరసలోని తల్లి మొహం వైపు చూడకుండా, నిదానంగా అంది:

"నేను దేన్నీ విడిచి రాలేదు, విడిచేది గూడా లేదు. ఈ ఆదివారం క్వాయరులో నా చోట నిలబడతాను. వద్దనేవాళ్లు నేను చేసిన తప్పేందో సంఘమంతా వినేటట్టు చదివి, సంతకం పెట్టి నా చేతికివ్వండి. అందాకా నేను కదలను."