సుద్దముక్కల కింద సూది

కటింగ్ మాస్టారికి షుగరుందన్న సంగతి ఆ బట్టల ఫ్యాక్టరీలో ఎవరికీ తెలియదు. అతను తెలియనిస్తేగా. పన్నెండేళ్లుగా రోజూ భోజనాల గంటకు పది నిమిషాల ముందు సుద్దముక్కల డబ్బా చంకన పెట్టుకుని బాత్రూముకు వెళ్లేవాడు. సుద్దముక్కల కింద ఇన్సులిన్ సూది ఉండేది. తలుపు గడియ వేసుకుని, పొట్టలో గుచ్చుకుని, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చేవాడు. బాత్రూముకు సుద్దముక్కలెందుకని అడిగే ధైర్యం ఎవరికుంది? ఒకదాని మీద ఒకటి పరిచిన ఎనభై వరసల గుడ్డను ఒక్క ఊపులో కోసే చేయి అతనిది. ఆ చేతికి జబ్బుందంటే కోత యంత్రం ముట్టనివ్వరని భయం. నలుగురికీ తెలిస్తే నామోషీ అని భార్య నోరు కూడా మూయించాడు.

కోపిష్టి మనిషి. బల్ల దగ్గర ఎవరూ ఏమీ నమలకూడదన్న నియమం అతనిదే. గుడ్డ మీద మరక పడిందంటే అతనికి ఒళ్లు మండిపోయేది. ఒకసారి గుడ్డ పరిచే పొడుగక్క బుగ్గన పిప్పరమెంటు పెట్టుకుందని అందరి ముందూ ఉమ్మించాడు. బల్ల అవతలి అంచు దాకా చేతులందుతాయని ఆమెకా పేరు. ఆమె పరిచిన వరస గీత గీసినట్టుండేది. ఆ మాట మాత్రం అతను ఏనాడూ పైకి అనలేదు.

ఆ రోజు సూది వేసుకుని రాగానే మేనేజరు ఎదురొచ్చాడు. లారీ గేటు దగ్గరుంది, నీలం చొక్కాలు కోశాకే భోజనాలన్నాడు. ఇన్సులిన్ వేసుకున్నాక తినకపోతే ప్రమాదమని మాస్టారికి తెలుసు. ఆ ముక్క చెబితే గుట్టు రట్టవుతుంది. సరేనని తలూపి యంత్రం అందుకున్నాడు.

అరగంటకు మెడ వెనక చెమటలు పట్టాయి. కాళ్లు తేలిపోతున్నాయి. షుగరు పడిపోతే వేసుకోవడానికి జేబులో నాలుగు చక్కెర బిళ్లలున్నాయి. కానీ చుట్టూ ఆరుగురు ఆడవాళ్లు, పైగా తను పెట్టిన నియమం. చూస్తూ చూస్తూ ఎలా వేసుకుంటాడు? చొక్కా మెడ వంపు దగ్గర కత్తి పక్కకు పోయింది. ఎనభై చొక్కాలూ ఒక్క దెబ్బకు పాడయ్యాయి.

మొహం కడుక్కునే నెపంతో వెళ్లి బిళ్లలన్నీ నమిలి వచ్చేసరికి, మేనేజరు ఆ ముక్కలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమైందని అడిగాడు.

"గుడ్డ సరిగ్గా పరవలేదండీ. అడుగు వరసలు జరిగిపోయాయి."

అనేశాడు. పొడుగక్క అతని తడిసిన చొక్కానీ, ఇంకా వణుకుతున్న వేళ్లనీ చూసి తల దించుకుంది. అప్పటికప్పుడు ఆమెను దారాలు కత్తిరించే గదికి పంపారు. కొత్తగా చేరినవాళ్లు కూర్చునే చోటది.

ఆ పూట ఇంట్లో ముద్ద దిగలేదు. మర్నాడు పొద్దున్నే దారాల గదికి వెళ్లి, ఎందుకు నోరెత్తలేదమ్మా అని అడిగాడు.

"మా నాన్నకీ షుగరే మాస్టారూ. ఆ చెమట నాకు తెలుసు. చెబితే మిమ్మల్ని తీసేస్తారేమో అనుకున్నా." ఆమె ఒక దారం కత్తిరించి, మెల్లగా అంది. "మీరే చెబుతారేమోనని కాసేపు చూశాను."

తిట్టినా బాగుండేదనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆ మధ్యాహ్నం బాత్రూముకు వెళ్లలేదు. మేనేజర్ని పిలిపించి, సుద్దముక్కల డబ్బా అందరి ముందూ బల్ల మీద బోర్లించాడు. సూది దొర్లుకుంటూ వచ్చింది.

"ఆవిడ బాగానే పరిచింది. వణికింది నా చెయ్యి," అన్నాడు. "అబద్ధమాడిందీ నేనే."

మేనేజరు చెడామడా తిట్టాడు గానీ ఉద్యోగం తీయలేదు. ఇకమీదట వేళకు తినాల్సిందేనని, ఎంత తొందర పనైనా ఆగుతుందని చెప్పి వెళ్లాడు. మూడో రోజుకు పొడుగక్క మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పూట మాస్టారి నుదుటి మీద చెమట చూసి, కొంగుముడి విప్పి, ఒక పిప్పరమెంటు అతని ముందు పెట్టింది. అతను దాన్ని బుగ్గన పెట్టుకుని, తలెత్తలేక, గుడ్డ వైపే చూస్తూ అన్నాడు.

"నువ్వూ ఒకటి వేసుకో అమ్మా."

"బల్ల దగ్గర వద్దండీ," అంది ఆమె, మామూలుగానే.